మొక్కు లేని సైకిల్

"ఏం మొక్కుకున్నవ్ బిడ్డా?"

ఆ వేసవి అంతా నన్ను వెంటాడిన ప్రశ్న ఇది. ములుగు రోడ్డు మీద టీ కొట్టు దగ్గర అడిగారు. పాలంపేట దగ్గర రోడ్డు మీద వడ్లు ఆరబోసుకున్న రైతులు, గింజలు తొక్కకూడదని నేను సైకిల్ దిగి నడిపిస్తుంటే ఆపి మరీ అడిగారు. నలభై దాటిన ఆడమనిషి మండుటెండలో ఒంటరిగా సైకిల్ తొక్కుకుంటూ అడవి వైపు పోతోందంటే అది మేడారం మొక్కే అయి ఉండాలని అందరికీ గట్టి నమ్మకం. క్యారియర్ మీద చుట్టి కట్టిన నా గుడారాన్ని చేత్తో తడిమి "బంగారమా?" అనేవాళ్లు. మేడారం అమ్మవార్లకు సమర్పించే బెల్లాన్ని మా వైపు బంగారం అంటారు. గుడారమమ్మా, నైలాన్ గుడ్డ అని విప్పి చూపించినా నమ్మేవాళ్లు కాదు.

మాది వరంగల్ మట్టెవాడలో చర్చికి పోయే కుటుంబం. ఆ మాట చెబితే వదిలేస్తారనుకున్నాను. వదలరు. మొక్కు కాకపోతే మీ ఆయనకు బాగలేదా? బాగానే ఉన్నాడా, అయితే ఇంట్లో ఏమన్నా లొల్లి అయిందా? ఆడది ఇల్లు దాటిందంటే ఎవరి కోసమో అయి ఉండాలి, లేదా ఎవరి వల్లనో అయి ఉండాలి. మూడోది ఒకటి ఉంటుందని ఎవరికీ తట్టదు. నాకు ఒళ్లు మండేది.

నిజానికి నేను పోతున్నది ఉద్యోగానికే. నేను జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్తాను. వేసవి సెలవుల్లో, అడవి జంతువుల కోసం పనిచేసే ఒక సంస్థలో చేరాను. తాడ్వాయి అడవిలో జంతువులు నీళ్లు తాగడానికి కట్టిన తొట్లు ఉంటాయి. అవి ఎండిపోకుండా చూడాలి, ఏ జంతువు వచ్చి పోయిందో అడుగుజాడలు చూసి రాసుకోవాలి. ఆ పని కోసం అడవిని రెండు భాగాలు చేశారు. ఒకటి నాకు, ఇంకొకటి మరిపెడ నుంచి వచ్చిన ఒక తమ్ముడికి. అతను మోటార్ సైకిల్ మీద తిరిగేవాడు, ఎక్కడ పొద్దుగూకితే అక్కడే గుడారం వేసేవాడు. అతన్ని ఏం మొక్కు అని ఒక్కరూ అడగలేదు. ధైర్యవంతుడన్నారు.

నేను సైకిల్ మీదే తిరుగుతానని పట్టుబట్టాను. సైకిల్‌కు చప్పుడు ఉండదు, జంతువులు బెదరవు అని సంస్థలో మా పని చూసే సార్‌కు చెప్పాను. అది నిజమే. నేను తొట్టి దగ్గరికి చేరేసరికి దుప్పి తల ఎత్తి నన్ను చూసి, మళ్లీ తల దించి తాగడం చాలాసార్లు జరిగింది. కానీ అసలు కారణం అది కాదు. నాకు సైకిల్ అంటే ఇష్టం. పొద్దున్నే గుడారం మడిచి, నిన్న పోని దారిలో తొక్కుకుంటూ పోవడం ఇష్టం. రాళ్లు పేర్చి అన్నం వండుకుని, పచ్చి మామిడి తొక్కుతో ఒక్కదాన్నే కూర్చుని తింటే ఆ అన్నం రుచే వేరు. నన్ను సాగనంపేటప్పుడు మా అమ్మ ఒక్కతే సరిగ్గా మాట్లాడింది. "ప్రభువు కాపాడుతడు గని, నువ్వు హెల్మెట్ మాత్రం పెట్టుకో" అంది.

మే నెల నడుమ అడవి గేటు దగ్గరికి కొత్త కాపలాదారు వచ్చాడు. నాకన్నా చిన్నవాడు. నన్ను చూడగానే గేటు అడ్డకర్ర దించేశాడు.

"ఒక్కదానివేనా అక్కా?"

"కనబడతలేదా?"

"ఒక్కదాన్ని పోనియ్యం."

అనుమతి కాగితం చూపించాను. చదవకుండానే తిరిగి ఇచ్చాడు.

"పని మీద పోయేటోళ్లు బండ్ల మీద పోతరు. నీకు సైకిల్ ఎందుకు?"

"ఊకెనే. నాకిష్టం."

ఊరికే అనడాన్ని మా వైపు ఊకెనే అంటాం. ఇందులో తప్పేముంది? కానీ అతను ఆ మాట బూతులా విన్నాడు. "ఊకెనే ఎవలన్న పోతరా? అదీ ఆడమనిషి!" అని మా సార్‌కు ఫోన్ కొట్టి నా చేతికిచ్చాడు.

సార్ గొంతు మహా మెత్తగా ఉంది. "మేడమ్, మీ సేఫ్టీ కోసమే చెప్తున్నా. రేపటి నుంచి ఎవరినైనా తోడు తెచ్చుకోండి. లేకపోతే మీ ఏరియా కూడా తమ్ముడు చూసుకుంటాడు, మీరు వరంగల్ ఆఫీసులో కూర్చోండి."

నెల రోజులుగా నేను తిరిగిన అడవి, ఒక్క ఫోన్‌తో పోయేలా ఉంది. అదే గేటు పక్కనుంచి తునికాకు కోసుకొచ్చే ఆడవాళ్లు పొద్దున్నే లోపలికి పోతారు. వాళ్లకేమీ సేఫ్టీ అక్కర్లేదు. ఇంటికోసం కష్టపడే ఆడదాన్ని పులి ముట్టదు కాబోలు, ఇష్టపడి పోయేదాన్నే వెతుక్కుని తింటుంది!

గేటు పక్కన చెట్టు నీడలో తాటి ముంజలు అమ్మే ఒక అవ్వ ఉండేది. ఇదంతా విని ఆమె లేచి వచ్చింది. నాకు సాయం చేద్దామనే వచ్చింది.

"ఏ పిలగా, ఆమె మేడారం మొక్కు మీద పోతాంది. అమ్మలకు కోపమొస్తె మంచిగుండదు. తియ్యి గేటు."

అంతే. కర్ర లేచింది. కాగితానికి లేవని కర్ర, మొక్కు అనగానే లేచింది. పైగా అతను చెంపలు వేసుకున్నాడు. ఊరుకుని పోయి ఉంటే సరిపోయేది. కానీ అరికాలి మంట నెత్తికెక్కింది.

"నాకు ఏ మొక్కు లేదు" అన్నాను.

కర్ర దిగింది.

"నోరు మూసుకొని పోతె నీ సొమ్మేం పోయేది?" అని అవ్వ నా మీద విసుక్కుని, పోయి తన గంప దగ్గర కూర్చుంది.

నేను క్యారియర్ మీది తాళ్లు విప్పాను. మేకులు కొట్టకుండానే నిలబడే గుడారం నాది. దాన్ని గేటుకు ఎదురుగా, సరిగ్గా నడిరోడ్డు మీద నిలబెట్టి లోపల కూర్చున్నాను.

"ఏందక్కా ఇది?" అన్నాడు కాపలాదారు.

"ఒక్కదాన్ని గద తమ్మీ, భయమైతాంది. నీ గేటు కంటె భద్రమైన జాగ ఏడుంటది?"

కాసేపటికి ఒక ఇసుక లారీ వచ్చి ఆగింది. దాని వెనక ఇంకొకటి. రోజూ ఆ లారీలు కనిపించగానే లేచే కర్ర అది, ఎందుకు పోతున్నావని వాటినెవరూ అడగరు. డ్రైవర్లు హారన్లు కొట్టారు, దిగి కాపలాదారును తిట్టారు. ఎండకు గుడారం లోపల ఉడికిపోతున్నాను. అయినా కదల్లేదు. వెనక లారీలు పెరిగేకొద్దీ కాపలాదారు గొంతు తగ్గింది. మళ్లీ సార్‌కు ఫోన్ చేశాడు. ఈసారి సార్ నాతో మాట్లాడలేదు, పోనియ్యమని అతనికే చెప్పినట్టున్నాడు. "జర జల్ది పో అక్కా, నీకు దండం పెడ్త" అన్నాడు కాపలాదారు. తీరుబడిగా గుడారం మడిచి, తాళ్లు బిగించి, లారీల కంటే ముందు లోపలికి పోయాను. తోడు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు, నా ఏరియా నాకే ఉంది. అయినా ఆ రోజంతా కోపం చల్లారలేదు. గెలిచినట్టు కూడా అనిపించలేదు. లారీలకు అడ్డం పడ్డాను కాబట్టి పోనిచ్చారు, నా ఇష్టానికి విలువిచ్చి కాదు.

ఆ తర్వాత అవ్వ నాతో మాట్లాడటం మానేసింది. ముంజలు కొంటే కాయ చేతిలో పెట్టేది, ముఖం మాత్రం అటు తిప్పుకునేది.

తొలకరి పడ్డాక పని ముగిసింది. చివరిసారి గేటు దగ్గరికి వచ్చేసరికి ముంజలు కూడా అయిపోయాయి. అవ్వ ఖాళీ గంప పక్కన కూర్చుని నా సైకిల్ వైపే చూస్తోంది.

"ఎనక నన్ను కూసుండవెట్టుకుంటవా?" అంది.

ఇంటి దగ్గర దించమంటోంది అనుకున్నాను. "యాడ దించాలె అవ్వా?"

"యాడ దించకు. జర దూరం తిప్పి మల్ల ఈడికే తోల్కరా."

క్యారియర్ మీది గుడారం చుట్టను తీసి కాపలాదారు కుర్చీలో పెట్టాను. అవ్వ చీర కుచ్చిళ్లు దోపుకుని, ఒక పక్కకు కూర్చుని, నా నడుము గట్టిగా పట్టుకుంది. కాపలాదారు కర్ర మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"ఓ అవ్వా, నువ్వేడికి? ఏం పని?"

"ఊకెనే" అంది అవ్వ.

"ఏందీ?"

"ఊకెనే పోతాన పిలగా. తియ్యి గేటు."