సలహాల రాఘవేందర్, రెండో తరగతి

రాఘవేందర్ గారు పిల్లల పుస్తకం రాసింది ఒక్కటే. పిల్లల పుస్తకాలు ఎలా రాయాలో చెప్పింది మాత్రం లెక్కలేనన్ని సార్లు.

ఆ ఒక్క పుస్తకం పుట్టుక కూడా ఘనమైనదే. ఇరవై ఏళ్ల కిందట కార్ఖానా బస్తీలో ఆయన ఎదురింట్లో ఒక సబ్బుల కంపెనీ ఏజెంటు ఉండేవాడు. సబ్బుతోపాటు ఉచితంగా పంచడానికి ఒక పిల్లల కథ కావాల్సివచ్చి, "మీకు రాసుడు అలవాటే కద సార్" అని ఈయన్ను అడిగాడు. బీమా ఆఫీసులో క్లెయిముల ఫైళ్ల మీద నోట్లు రాయడం అలవాటే మరి. అలా 'చేతులు కడిగిన కుందేలు' వెలువడింది. చివరి అట్ట మీద సబ్బు బొమ్మ. సబ్బు మంచిది కావడంతో పుస్తకం చాలా ఇళ్లకు చేరింది. ఆ తరువాత ఏదో ఆహ్వానపత్రంలో ఆయన పేరు ముందు 'ప్రముఖ బాలసాహితీవేత్త' అని పడింది. ఎవరు వేశారో తెలియదు. ఒకసారి పడ్డాక తీసేసే ధైర్యం ఎవరికీ లేకపోయింది, ఆయనకు అసలే లేకపోయింది.

చిలకలగూడలో ఒక గ్రంథాలయం పైఅంతస్తులో చిన్న హాలు ఉంది. అక్కడ బాలసాహిత్యం మీద సభ జరిగిన ప్రతిసారీ వేదిక మీద రాఘవేందర్ గారు ఉండాల్సిందే. "పిల్లలకోసం రాసేవాడు ముందు తాను పసివాడైపోవాలె" అనేది ఆయన మొదటి సలహా. ఆ మాట అనేటప్పుడు కళ్లు మూసుకునేవారు. ముందు వరుసలో నిజంగా పసివాడెవడైనా కుయ్యిమంటే చటుక్కున కళ్లు తెరిచి, "అమ్మా, జెర బాబును బయటికి తీస్కపోన్రి, డిస్టర్బ్ అయితది" అనేవారు.

చిన్న చిన్న మాటలే వాడాలన్నది రెండో సలహా. దాన్ని ఆయన 'సరళ పదప్రయోగ వైశిష్ట్యం' అనే పేరుతో గంటసేపు వివరించేవారు. కథలో జంతువు తప్పక ఉండాలి, కాకపోతే అది కరిచే జాతి కాకూడదు. నీతి ఉండాలి గానీ కనబడకూడదు. కనబడదేమోనని అనుమానముంటే చివర్లో విడిగా రాయాలి. ఇవన్నీ విని జనం తలలూపేవారు. ఉస్మానియా బిస్కెట్లు, చాయ్ వచ్చేదాకా ఊపుతూనే ఉండేవారు.

అందరికంటే ఎక్కువ ఊపేది కన్నబాబు. విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడ కంప్యూటర్ కంపెనీలో పనిచేస్తున్న కుర్రవాడు. గురువుగారి ప్రతి మాటనూ ఫోన్లో రికార్డు చేసుకునేవాడు.

"గురువుగారూ, మీరు చెప్పినట్టే పులి కథలోంచి పులిని తీసేసేనండి. ఇప్పుడేటి చెయ్యమంటారండీ?" అని ఒకసారి అడిగాడు.

"అడివి ఉన్నదా?"

"ఉందండి."

"అయితే చెట్లు కొట్టే సీను పెట్టు. పర్యావరణం వస్తది."

కన్నబాబు కళ్లలో నీళ్లు తిరిగాయి.

రాఘవేందర్ గారికి ఒక కూతురు. పేరు సృజన. అంతకంటే తక్కువ పేరు ఆయన పెట్టగలరా? ఆ పిల్ల చిన్నప్పుడు రాత్రిళ్లు కథ చెప్పమని ఆయన చుట్టూ తిరిగేది. ఆయన ఆ సమయంలో 'తండ్రులు పిల్లలకు కథలు చెప్పవలసిన ఆవశ్యకత' వంటి ఉపన్యాసాలు తయారుచేసుకుంటూ ఉండేవారు. కథలు తల్లి సుకన్యే చెప్పింది. సుకన్యకు బాలసాహిత్యం మీద ఎలాంటి అభిప్రాయాలూ లేవు. కూతురు పెరిగి, పెళ్లయి, వరంగల్ వెళ్లిపోయింది.

ఈ ఆగస్టులో యాప్రాల్‌లోని ఒక సర్కారు బడి నుంచి పిలుపొచ్చింది. ఉపాధ్యాయులందరికీ 'పిల్లల కోసం రాయడమెలా' అనే అంశం మీద చెప్పాలి. రాఘవేందర్ గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని బయలుదేరారు. గుమ్మం ముందు ఒక్క చెప్పే ఉంది, గోధుమరంగు తోలుది, ఎడమకాలిది. కుడికాలిది మెట్లు దిగి వెళ్లిపోతోంది, ఒక కుక్క నోట్లో.

ఆయన వెంటపడ్డారు. కుక్క సందు చివర టిఫిన్ బండి చుట్టూ తిప్పి, ఆయన్ను అక్కడే వదిలి, మళ్లీ అపార్ట్‌మెంట్ మెట్ల కిందికి దూరింది. అక్కడ దాని పిల్లలు పడుకుని ఉన్నాయి, అపార్ట్‌మెంట్‌లోని అందరి చెప్పుల మీద. ఆయన చెయ్యి చాపారు. కుక్క గుర్రుమంది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, ఒక మనిషి ఆ వయసులో ఎంత వేగంగా మెట్లెక్కగలడో అంత వేగంగా ఎక్కారు.

బూట్లేమో కుట్టడానికిచ్చి మోచీ దగ్గర ఉన్నాయి. స్లిప్పర్లలో ఒకదానికి పట్టీ తెగింది. కింద ఆటోవాడు హారన్ మీద హారన్ కొడుతున్నాడు.

"నా చెప్పులేస్కొని పోన్రి," అంది సుకన్య.

"ఇజ్జత్ ఉన్నదా లేదా?" అని, ఎడమకాలికి తోలు చెప్పు, కుడికాలికి నీలం స్లిప్పర్ వేసుకుని ఆయన ఇజ్జత్ కాపాడుకున్నారు. వేదిక మీద పోడియం ఉంటుంది కదా, కాళ్లెవరు చూస్తారన్న ధీమా.

పోడియం లేదు. ఉపాధ్యాయులూ లేరు. ప్రధానోపాధ్యాయురాలు ఎమిలీ గేటు దగ్గరే ఎదురై నొచ్చుకుంది.

"సారీ సార్. పొద్దుగాల ఫోనొచ్చింది, టీచర్లందరినీ ట్రైనింగ్‌కు రమ్మన్నరు. మీరు ఇంత దూరం వచ్చిన్రు కద, మా సెకండ్ క్లాస్‌కు ఏమన్నా చెప్పున్రి. పిల్లల రైటరే కద మీరు."

ఆ చివరి మాటను కాదంటే బిరుదుకే ముప్పు. ఆమె ఆయన్ను తరగతిలో వదిలి, తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది.

ఇన్నేళ్ల సాహిత్యసేవలో రాఘవేందర్ గారు ఇంతమంది పిల్లల్ని ఒకేచోట చూడటం అదే మొదలు. గొంతు సవరించుకుని, "బాలసాహిత్యం అనగా..." అని షురూ చేశారు. వెనక వరుసలో ఒకడు నీళ్లు తాగొస్తానని లేచాడు. వాణ్ని చూసి సగం తరగతికి దాహమేసింది. ఆయన పట్టు వదల్లేదు. "మొదటి వాక్యంలనే పాఠకుణ్ని పట్టుకోవాలె" అన్నారు.

"పట్టుకొని ఏం చేస్తరు సార్?" అన్నాడు ఇవాన్ అనే పిల్లవాడు, నిజంగానే తెలుసుకుందామని.

చిలకలగూడలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆయన దారి మార్చి, తన కథే చెప్పడం మొదలుపెట్టారు. "ఒక అడవిలో ఒక కుందేలు ఉండేది. అది రోజూ భోజనానికి ముందు చేతులు కడుక్కునేది."

"కుందేలుకు చేతులుండయి సార్. నాలుగూ కాళ్లే."

"ముందటివి చేతులనుకో."

"మరి దేంతోని నడుస్తది?"

చేతులు కడుక్కోవడానికి పట్టేంత సేపట్లో కథ అయిపోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పిల్లలకు ఆయన మీద కోపమేమీ లేదు, కథ అయిపోయిందని వాళ్లకు తెలియలేదంతే. ముందు బెంచీలో దేవిక అనే పళ్లూడిన పిల్ల మాత్రం చాలాసేపటిగా కిందికే చూస్తోంది.

"సార్, మీ చెప్పులు వేరే వేరే ఎందుకున్నయ్?"

ఆయన ఒక కాలు ఇంకో కాలి వెనక దాచబోయారు. రెండూ దాగవు కదా. "అది ఇడిసిపెట్టమ్మా" అన్నారు.

"చెప్పున్రి సార్!"

"కుక్క ఎత్తుకపోయింది."

నీళ్లకు పోయినవాళ్లు గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఏ కుక్క సార్?"

"మా అపార్ట్‌మెంట్ మెట్ల కింద ఉంటది. మా వాచ్‌మన్ భద్రయ్య దాన్ని మేడమ్ అని పిలుస్తడు."

"ఎందుకు?"

"ఎవరొచ్చినా కూసున్న కాడి నుంచి లేవదు."

మొదటి నవ్వు అక్కడ వచ్చింది. ఆయన ఉలిక్కిపడి వెనక్కి చూశారు, ఇంకెవరైనా వచ్చారేమోనని. ఎవరూ రాలేదు. పిల్లలు నవ్వింది తన మాటకే. ఇక ఆగలేదు. కుక్క టిఫిన్ బండి చుట్టూ తిప్పిన సంగతి, ఉప్మా ప్లేటు పట్టుకున్న పెద్దమనిషి అడ్డం వచ్చిన సంగతి చెప్పారు. ఆ పెద్దమనిషి అప్పటికప్పుడు పుట్టినవాడు. మెట్ల కింద చెప్పుల పరుపు మీద పడుకున్న కుక్కపిల్లల గురించి చెబుతుంటే దేవిక నోరు తెరిచి వింటోంది.

"కరిచిందా సార్?"

కరిచే జంతువులు కథల్లో ఉండరాదని ఎన్నో సభల్లో తేల్చి చెప్పిన మనిషి ఒక్క క్షణం ఆగి, "కరవనీకె వచ్చింది," అన్నారు. తరగతి ఆనందంతో ఊగిపోయింది.

"మీరేం చేసిన్రు?"

"ఉరికిన."

"ఎట్ల ఉరికిన్రు? చేసి చూపియ్యున్రి!"

ఆయన చూపించారు. చప్పుడు విని ఎమిలీ పరుగెత్తుకొచ్చి తలుపు తీసేసరికి, ప్రముఖ బాలసాహితీవేత్త నీలం స్లిప్పర్ చేత్తో పట్టుకుని బెంచీల మధ్య పరుగెడుతున్నారు. వెనక ఇవాన్ నాలుగు కాళ్ల మీద మొరుగుతూ వస్తున్నాడు. ఆమె తలుపు మళ్లీ మెల్లగా మూసింది.

ఇంటికి రాగానే భార్యతో, "పిల్లలు మస్తు నవ్విన్రు సుకన్యా," అన్నారు.

"మీ కథకా?"

"నా చెప్పుకు."

ఆ వారమంతా ఆయన కుదురుగా లేరు. దీన్ని పుస్తకంగా రాయాలని నిశ్చయించుకుని, తన సలహాలన్నిటినీ తానే శిరసావహించి కూర్చున్నారు. కుక్క కరిచే జాతి కాబట్టి దాన్ని తీసేసి కుందేలును పెట్టారు. దొంగతనం తప్పు కనుక కుందేలు ఆ వస్తువును అడిగి తీసుకుంది. పెద్దవాళ్లు భయపడి పారిపోతే పిల్లల వ్యక్తిత్వ వికాసం దెబ్బతింటుంది కనుక కథానాయకుడు నిలబడి కుందేలుతో మృదువుగా మాట్లాడాడు. 'చెప్పు' అంటే 'చెప్పడం' అనుకుని చిన్నారులు తికమకపడతారని దాన్ని 'పాదరక్ష' చేశారు. చివర్లో నీతి: పాదరక్షలను ఇంటి లోపల భద్రపరచుకోవలెను.

కన్నబాబు చదివి దండం పెట్టాడు. "ఒక్క తప్పు కూడా లేదండి గురువుగారూ!"

నిజమే. తప్పుతో సహా అందులో ఏమీ లేదు.

పిలవకపోయినా తానే ఎమిలీకి ఫోన్ చేసి ఆయన మళ్లీ యాప్రాల్ వెళ్లారు. ఈసారి కాళ్లకు బూట్లు. పిల్లలు ముందు వాటిని చూసి నిరాశపడ్డారు. ఆయన కథ చదివారు. ఇవాన్ ఆవలించాడు. అది పక్కవాడికి అంటింది, అక్కణ్నుంచి వరుసంతా పాకింది. దేవిక మర్యాదగా చివరిదాకా విని చెయ్యెత్తింది.

"సార్, ఇప్పుడు చెప్పు కథ చెప్పున్రి."

"ఇది గదే కదమ్మా."

"కాదు. దీన్ల మీరు లేరు. మేడమ్ లేదు. ఉర్కుడు లేదు."

"పాదరక్ష అంటే ఏంది సార్?" అన్నాడు ఇవాన్.

రాఘవేందర్ గారి ముఖం వెలవెలబోయింది. ఆయన కథను ఇంతవరకూ ఎవరూ వెనక్కి ఇవ్వలేదు, సబ్బుతో వచ్చినదాన్ని ఎవరు వెనక్కిస్తారు? కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నారు. వెళ్లిపోదామనిపించింది. కానీ వాళ్లు ఎదురుచూస్తున్నారు. "మా మెట్ల కింద ఒక కుక్క ఉంటది" అని మొదలుపెట్టారు. పోయినసారి ఉప్మా పెద్దమనిషికి మీసాలున్నాయనీ, ఈసారి మరిచిపోయారనీ వాళ్లే అందించారు. సభల్లో తలలూపించుకోవడం ఎంత సులువో, ఒక్క దేవికను కదలకుండా కూర్చోబెట్టడం ఎంత కష్టమో ఆయనకు ఆ రోజు తెలిసొచ్చింది.

ఆ తరువాతి ఆదివారం చిలకలగూడలో సభ. కొత్త రచయితలకు సలహాలివ్వమని మైకు ఆయన ముందుకు జరిపారు. ఆయన కళ్లు మూసుకోలేదు.

"నాకు తెల్వదు," అన్నారు. "నేను రాసిన కథను రెండో తరగతోళ్లు వాపస్ ఇచ్చిన్రు."

హాలంతా చప్పట్లు. ఎంత వినయం, ఎంత వినయం అని పక్కవాళ్లతో చెప్పుకున్నారు. రచయిత వినయాన్ని ఎలా అలవరచుకోవాలో వివరించమని ఒకాయన లేచి కోరారు.

"వినయం కాదు సార్, నిజంగనే ఇచ్చిన్రు. మీరు రాసింది ఏదన్న ఒక పిల్లగానికి చదివి చూపియ్యున్రి. ఎక్కడ నీళ్లకు లేస్తడో అక్కడ కథ ఖరాబైనట్టు."

చప్పట్లు ఆగిపోయాయి. "పిల్లలకు సాహిత్యం గురించి ఏం తెలుస్తదండీ?" అని ఒక పెద్దాయన బాధపడ్డారు. పిల్లలు ఆ స్థాయికి ఎదగాలి గానీ మనం దిగకూడదని ఇంకొకరు తీర్మానించారు. చాయ్ ఆ రోజు తొందరగా వచ్చేసింది.

తరువాతి సభ ఆహ్వానపత్రంలో 'ప్రముఖ బాలసాహితీవేత్త' పక్కన కన్నబాబు పేరుంది. అప్పటికి అతని పుస్తకం ఒక్కటీ రాలేదు. అర్హతకు అది అడ్డం రాలేదు. అతను వేదికెక్కే ముందు గురువుగారి కాళ్లకు దండం పెట్టి, మైకు ముందు కళ్లు మూసుకుని, "రచయిత ముందు పసివాడైపోవాలండి" అన్నాడట. రికార్డు చేసుకున్నది వృథా పోలేదు. రాఘవేందర్ గారు ఆ సభకు వెళ్లలేదు. ఆహ్వానపత్రాన్ని మాత్రం తిప్పి తిప్పి చూశారు. బాధ లేదని అనలేం. ఇన్నేళ్ల బిరుదు కదా.

ఇప్పుడు శనివారాలు ఎమిలీ ఆయనకు ఒక పీరియడ్ ఇస్తోంది. పుస్తకమేదీ రాలేదు, వస్తుందన్న సూచనా లేదు. కొన్ని కథలు నిలబడతాయి, కొన్ని బెంచీల మధ్యే కూలిపోతాయి. మొన్న ఎక్కడా ఆగకుండా పైకి పోతూనే ఉన్న లిఫ్టు గురించి చెప్పి ఇంటికొచ్చారు. సుకన్య చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఆయన పక్కన కూర్చుని తానూ కొన్ని తీసుకున్నారు.

"ఈ దినం ఒకడు నడుమల నిద్రపోయిండు."

"కోపం రాలేదా మీకు?"

"వచ్చింది. కానీ మిగిలినోళ్లు ఇంటున్నరు కద. వాడు లేవకుండ గొంతు తగ్గించి చెప్పిన. అందరు ఇంక దగ్గరికి జరిగి కూసున్నరు."

సుకన్య చెయ్యి ఆపి ఆయన వైపు చూసింది. "మంచిగున్నది. గిది మీ సభల చెప్పున్రి, పనికొస్తది."

"వద్దు," అన్నారు రాఘవేందర్ గారు కంగారుగా. "మళ్ల సలహా అయితది."