నీడ కుదరలేదు, మేడమ్

కొందరికి తిండి పిచ్చి, కొందరికి బట్టల పిచ్చి, మా మరిదికి ఎన్నికల పిచ్చి. మా హిలాల్‌కి మాత్రం నీడల పిచ్చి. మనిషి ఎదురుపడితే మనమంతా ముఖం చూస్తాం. వాడు ముందు ముక్కు నీడ చూస్తాడు. అది పడాల్సిన చోట పడలేదంటే ఎదుటి మనిషి సలాము చెప్పినా వాడి చెవికెక్కదు.

వాడు మా మిన్యా ఊళ్ళోనే కాలేజీలో ఫోటోగ్రఫీ చదివేవాడు. కొన్నాళ్ళు ఏదైనా స్టూడియోలో ఉండి, మనుషుల్ని కూర్చోబెట్టి ఫోటోలు తీసి, వాటిని కంప్యూటర్లో దిద్ది చూపిస్తే తప్ప పట్టా ఇవ్వమన్నారట. మా ఆయన పోయాక స్టూడియో నా నెత్తిన పడింది. నాకు ఫోటోల పని అంతంతమాత్రం, నోటి పని మాత్రం బాగా వచ్చు. చదువుకున్న కుర్రాడు, నాలుగు కొత్త సంగతులు తెలిసినవాడు అని రమ్మన్నాను. వచ్చినవాడు లోపలికి రాలేదు. నిచ్చెనంత మనిషి, వీధిలో మా అద్దాల బీరువా ముందు వంగి నిలబడిపోయాడు. అందులో మా స్టూడియోకి పేరు తెచ్చిన ఫోటో ఉంది. మా ఆడపడుచు, పక్కన ఆవిడ భర్త, వెనకాల జలపాతం.

"మేడమ్, వీళ్ళిద్దరూ ఒకే దేశంలో లేరు కదూ?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఎందుకంటే నిజంగానే లేరు. మా ఆడపడుచు మిన్యాలో ఉంది, ఆయన కువైట్‌లో ఉన్నాడు, జలపాతం స్విట్జర్లాండ్‌ది. ముగ్గుర్నీ ఒకచోట చేర్చింది నేనే. నీకెవరు చెప్పారని అడిగాను.

"ఆవిడకి వెలుతురు ఎడమనుంచి వస్తోంది, ఆయనకి కుడినుంచి, జలపాతానికి నడినెత్తిమీంచి. ముగ్గురికీ ముగ్గురు సూర్యుళ్ళు, మేడమ్."

మా వీధిలో స్టూడియోలకి సగం వ్యాపారం ఇదే మరి. మగవాళ్ళు కువైట్‌లోనో జిద్దాలోనో ఉంటారు. ఇక్కడ పిల్లాడి పుట్టినరోజు, చెల్లెలి నిశ్చితార్థం ఎవరి కోసమూ ఆగవు. ఫోటోలో ఇంటాయన లేకపోతే నలుగురూ నాలుగు రకాలుగా అంటారు. అందుకని ఏదో పాత ఫోటోలోంచి ఆయన్ని తెచ్చి భార్య పక్కన నిలబెడతాం. కాళ్ళు నేలకి ఆనకపోయినా ఎవరూ తప్పు పట్టేవారు కాదు. పాపం, అంత దూరాన్నుంచి వచ్చాడులే అని సర్దుకునేవారు.

హిలాల్ వచ్చాక సర్దుకోవడం అనేది పోయింది. కసాయి హాజీ బయ్యూమీ గుర్తింపు కార్డుకి ఫోటో తీయించుకుందామని వచ్చాడు. వాడు ఆయన చుట్టూ ప్రదక్షిణం చేశాడు, లైటు ఎత్తాడు, దించాడు, చివరికి పెదవి విరిచాడు.

"ముక్కు నీడ పోయి మీసంలో కలిసిపోతోంది, హాజీ. మీసం కాస్త కురచ చేయిస్తే దానికి చోటు దొరుకుతుంది."

మీసం మీద ఈగ వాలినా ఊరుకోని మనిషి ఆయన. నీ నాలుక కురచ చేస్తే నాకు ప్రాణం తెరిపిన పడుతుందని లేచాడు. నేను టీ గ్లాసుతో అడ్డంపడి, బతిమాలి కూర్చోబెట్టాను. ఆ కోపంలో ఉన్నప్పుడే వీడు నేలమీద పడుకుని కిందినుంచి లైటు కొట్టి ఫోటో తీశాడు. అది ఎంత దర్జాగా వచ్చిందంటే, హాజీ దాన్ని నిలువెత్తు చేయించి దుకాణంలో వేలాడే మాంసం పక్కన తగిలించాడు. ఊళ్ళోకి కొత్తగా వచ్చినవాళ్ళు ఆయన ఎన్నికల్లో నిలబడ్డాడనుకుని కరచాలనం చేసి వెళ్ళేవారు.

ఇంకోసారి ఒకావిడ పెళ్ళికూతుర్ని తీసుకొచ్చింది. ఫోటోలో పిల్ల పాలలా తెల్లగా ఉండాలని ఆవిడ పట్టు. తెలుపు చేస్తాను కానీ నీడ తీయను, నీడ తీస్తే ముక్కు పోతుంది పిన్నీ అని వీడి పట్టు. పోతే పోనీ, మగపెళ్ళివారు ముక్కు అడగలేదు అందావిడ. ఆ మాటకి పిల్ల ఒళ్ళు మరిచి నవ్వింది. వీడు టక్కున మీట నొక్కాడు. పిల్ల ఉన్న రంగుతో, ఉన్న ముక్కుతో ఆ ఫోటోలో ఎంత ముచ్చటగా ఉందో చెప్పలేను. తల్లి మాత్రం నాతో చాలా రోజులు మాట్లాడలేదు.

ఎదురుగా కాఫీ దుకాణంలో కూర్చున్నా వాడిది అదే వరస. పాచికలాడుతున్న పెద్దమనుషుల కుర్చీలు వాళ్ళ కింద ఉండగానే జరిపి, ఇప్పుడు మీ ముఖాలు చూడండి ఎంత బాగున్నాయో అనేవాడు. దుకాణం యజమాని వాడికి గోడవైపు కుర్చీ ఒకటి విడిగా వేసి, కదిలితే టీ ఇవ్వనని చెప్పేశాడు.

వాణ్ణి పిచ్చివాడన్నా పట్టించుకోడు, బక్కోడా అన్నా నవ్వుతాడు. నీడ పని రాదంటే మాత్రం ఊరుకోడు. ఒకసారి కాలేజీలో పంతులుగారు వాడు దిద్దిన ఫోటో చూసి ఈ నీడేంటి మసి పూసినట్టుందన్నారట. వాడు ఆయన ఇంటికి దీపం పట్టుకుపోయి, ఆయన్నే కుర్చీలో కూర్చోబెట్టి, నీడ అలాగే పడుతుందని ఆయన ముక్కు మీదే రుజువు చేసి వచ్చాడు.

ఇక దేశంలో లేని మొగుళ్ళని అతికించే పనికి వాడు పెట్టిన పద్ధతి చెబితే నమ్మరు. పాత ఫోటో పనికిరాదంటాడు. భార్యని స్టూడియోలో కూర్చోబెట్టి, అక్కడ కువైట్‌లో ఆయనకి వీడియో కాల్ చేసి, కిటికీ ఎటుంది, ఎండ ఎటుంది అని ఆరా తీస్తాడు. ఆయన గదిలో వాళ్ళందరి చేతా దుప్పట్లు పట్టించి వెలుతురు ఇటు తిప్పిస్తాడు. పాపం, వారానికొక్క సెలవు దొరికిన మనుషులు వాళ్ళు. మంచాలెక్కి దుప్పట్లు పట్టుకుని, ఇంకా పైకా ఉస్తాద్, చాలా ఉస్తాద్ అని అడిగేవారు. చిటికెలో అయ్యే పని సాయంత్రం దాకా సాగేది. నా టీపొడి అయిపోయేది. ఎప్పుడు కసిరినా వాడిదొకటే జవాబు, నీడ కుదరలేదు మేడమ్ అని.

అలాంటి ఒక శుక్రవారం మధ్యాహ్నం రావియా వచ్చింది. మా వీధి చివర దర్జీ కూతురు. తనకీ షౌకీకీ పెళ్ళయిననాడు మా ఆయనే ఇదే స్టూడియోలో ఫోటో తీశారు. ఆ ఫోటో పటం కట్టినదాన్ని కట్టినట్టే చంకలో పెట్టుకుని వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"పిన్నీ, ఇందులోంచి ఆయన్ని తీసేయించు" అంది.

సంగతి వీధి వీధంతా తెలిసిందే. రంజాన్ చివర్లో షౌకీ కువైట్‌నుంచి, ఫోన్లో కుటుంబం మొత్తం వినే గుంపుకి, తన గొంతుతో ఒక మాట పంపాడు. గదిలో స్నేహితుడు ములూఖియా ఆకుకూర పులుసు వండాడని, అంత బాగున్న ములూఖియా తన జన్మలో తినలేదని. అది విని అత్తగారు పకపకా నవ్వి, కోడలి వంట సంగతి ఇన్నాళ్ళకి బయటపడిందని తన గొంతుతో ఇంకో మాట పంపింది. రావియా ఆ రోజే బట్టలు సర్దుకుని తండ్రి ఇంటికి వచ్చేసింది. అప్పట్నుంచి మొగుడు ఫోన్ చేసినా ఎత్తలేదు. ఆ శుక్రవారం సాయంత్రం నమాజు తర్వాత రెండువైపులా పెద్దలు కూర్చుని విడాకుల మాట తేల్చేద్దామనుకున్నారు. ఈలోపు ఫోటో పని ముగించుకోవాలని ఈ పిల్ల వచ్చింది.

"గౌను మా అమ్మ కుట్టింది. ఆవిడ పోయింది కాబట్టి ఫోటో పారేయలేను. నేనుండాలి, గౌనుండాలి. ఆయన అక్కర్లేదు."

ఆ మాట అంటూ కళ్ళు తుడుచుకుంది. ఒకరి సంసారంలో మనమేం చెబుతాం? పటం హిలాల్‌కి ఇచ్చాను. వాడు దాన్ని వెలుతురులో పెట్టి చాలాసేపు చూసి, కుదరదన్నాడు.

"మనిషిని తీసేయొచ్చు అక్కా. కానీ ఆయన నీడ నీ భుజం మీద పడి గౌను మడతల్లోకి పోయింది. అది ఎలా పడిందో తెలియకుండా తీస్తే మీ అమ్మ కుట్టు చెడిపోతుంది. ఆయన మళ్ళీ అలాగే నిలబడాలి, నువ్వు పక్కన కూర్చోవాలి. నేను కొలత చూసుకుని తీస్తాను."

"ఆయన కువైట్‌లో ఉన్నాడు."

"ఇవాళ సెలవేగా. ఫోన్ కలుపు."

తను మాట్లాడనంది రావియా. నువ్వు మాట్లాడక్కర్లేదు, నీడ సంగతి నేను చూసుకుంటానన్నాడు వీడు. అమ్మ కుట్టు చెడిపోతుందన్న మాటకి భయపడిందేమో, ముఖం గోడవైపు తిప్పుకుని ఫోన్ చేతికిచ్చింది.

షౌకీ బనీను మీద, చేతిలో సబ్బు ముక్కతో, బట్టలు ఉతుకుతూ ఫోన్ ఎత్తాడు. భార్య పేరు చూసి పరుగున ఎత్తినట్టున్నాడు, రొప్పుతున్నాడు. తెర మీద నిచ్చెనలాంటి హిలాల్‌ని చూసి బిక్కమొహం వేశాడు.

"అన్నా, మీ ఆవిడ పెళ్ళి ఫోటోలోంచి మిమ్మల్ని తీసేయమంది. మీరు కొంచెం సాయం చేయాలి" అన్నాడు వీడు.

నేను చెంప మీద చెయ్యి వేసుకున్నాను. షౌకీ సబ్బు కింద పెట్టి, చేతులు తుడుచుకుని, ఎటు తిరగమంటారని అడిగాడు. ఎవరిదో కోటు అరువు తెచ్చుకుని తొడుక్కున్నాడు. స్నేహితులు హిలాల్ చెప్పినట్టే మంచాలెక్కి దుప్పట్లు పట్టారు. ఆ వంట చేసినవాడూ అందులోనే ఉన్నాడట.

హిలాల్ రావియాని కుర్చీలో కూర్చోబెట్టి, పక్కనే కర్రకి ఫోన్ బిగించాడు. సరిగ్గా మొగుడి తల ఉండాల్సిన ఎత్తులో. ఆ రోజు ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటున్నారు కాబట్టి ఇవాళా అలాగే చూసుకోవాలన్నాడు. గోడవైపు కాదక్కా, కళ్ళలోకి. అన్నా, గడ్డం దించు. ఊపిరి బిగబట్టు. కదిలావు, మళ్ళీ మొదట్నుంచి. లైటు ఇటు జరిపాడు, అటు జరిపాడు, మళ్ళీ ఇటే తెచ్చాడు. స్నేహితుల చేతులు వణికి దుప్పట్లు జారిపోయాయి. నా తల ప్రాణం తోకకొచ్చింది.

చివరికి షౌకీకి ఓపిక చచ్చింది. "ఏం చేస్తున్నాడే ఈయన?"

"నాకేం తెలుసు? నన్నూ ఇలాగే చంపుతున్నాడు" అంది రావియా.

ఆ పిల్ల రంజాన్ తర్వాత మొగుడితో ఆడిన మొదటి మాట అది. ఇద్దరూ కలిసి హిలాల్‌ని కాసేపు తిట్టారు. తిట్లు అయిపోయాక రావియా, ఎందుకలా చిక్కిపోయావని అడిగింది, కసురుకుంటూనే.

"ఆ రోజు డ్యూటీ మీద డ్యూటీ చేసి వచ్చానే. ఆ ఆకలికి చెప్పు ఉడకబెట్టి పెట్టినా బాగుందనేవాణ్ణి."

"అంటే అన్నావు. మీ అమ్మకి వినిపించేలా అనాలా?"

"తప్పే. ఆ సంగతి చెబుదామనే రోజూ ఫోన్ చేస్తున్నాను."

రావియా పెదవి కొరుక్కుంది. వెల్లుల్లి తాలింపు పోసేటప్పుడు మీవాడు గట్టిగా ఊపిరి లాగాడా అని అడిగింది. మా ఇళ్ళలో ఆడవాళ్ళు ఆ ఊపిరి లాగకుండా ములూఖియా దించరు.

"లాగలేదు" అన్నాడు షౌకీ.

"మరి అదేం ములూఖియా?"

అవతల దుప్పట్లు పట్టుకున్నవాళ్ళు గొల్లుమన్నారు. వండినవాడు నిజమే వదినా అని ఒప్పుకున్నాడు. అప్పుడే నేను గమనించాను, హిలాల్ కెమెరాకి మూత ఇంకా తీయనే లేదు.

వాణ్ణి చొక్కా పట్టుకుని కంప్యూటర్ గదిలోకి లాక్కెళ్ళాను. జలపాతం అతికించిన నాకే తెలుసు, భుజం మీద ఆ కాస్త నీడ తీయడం ఎంతసేపని. తలుపు వేసి అడిగాను.

"ఆ నీడ తీయడం నీకు రాదా?"

"వచ్చు మేడమ్."

"మరి మధ్యాహ్నమంతా ఈ నాటకమేంట్రా?"

"తీసేయమని పటం మీ చేతికిచ్చే ముందు తలగుడ్డ అంచుతో అద్దం తుడిచింది. ముందు ఆయన ముఖం మీద దుమ్ము తుడిచింది. మీరు చూడలేదా?"

నేను చూడలేదు. దర్జీ కూతురి ఏడుపు చూశాను, అంతే. ఇన్నాళ్ళూ నా టీపొడి తగలేసిన ఆ సాయంత్రాలన్నీ కళ్ళముందు తిరిగాయి. మంచి బట్టలు కట్టుకుని, కదలకుండా, మొగుడి కళ్ళలోకి చూస్తూ కూర్చున్న ఆడవాళ్ళందరూ గుర్తొచ్చారు. వాళ్ళలో ఒక్కరూ ఎప్పుడూ ఆలస్యమైందని సణగలేదు. సణిగింది నేనే. నాకు వాణ్ణి కౌగిలించుకోవాలనిపించింది, కానీ వాడి భుజం నాకు అందదు.

బయట రావియా తండ్రికి ఫోన్ చేస్తోంది. ఇవాళ పెద్దల్ని రావద్దని చెప్పు నాన్నా, ఫోటో పని తెమల్లేదు అంటోంది. ఆ తర్వాత పటాన్ని చంకలో పెట్టుకుని, హిలాల్ వైపు కళ్ళెర్రజేసి చూసి, నా దగ్గరికి వచ్చింది.

"పిన్నీ, ఈ అబ్బాయికి నీడ పని ఏమీ రాదు. ఇంకొకణ్ణి చూసుకో."

నాకు గుండె గుభేలుమంది. ఆ మాటకి పంతులుగారి ఇంటిమీదికే దీపం పట్టుకుపోయిన మనిషి వీడు. వాడి చెవులు ఎర్రబడ్డాయి.

"నిజమే అక్కా, ఇంకా నేర్చుకుంటున్నాను" అన్నాడు.

రావియా మెట్లు దిగి వెళ్ళేదాకా వాడు తలెత్తలేదు. నేను వీధిలోకి వెళ్ళి, కాఫీ దుకాణం ఆయనతో చెప్పి, గోడవైపు కుర్చీ తీయించి, మా హిలాల్‌కి కిటికీ పక్కన కుర్చీ వేయించాను.