పూలి గొంతుకు పట్టిన దగ్గు

బూర్గంపాడు దాటి అడవి వైపు పోతే ఒక తండా ఉంది. ముప్పై ఏళ్లపాటు అక్కడ పూలి అనే ఆమె ఏడవకుండా ఏ పెళ్లికూతురూ అత్తారింటికి పోలేదు. లంబాడీల్లో సాగిపోయే పిల్ల పాట కట్టి ఏడవాలి. ఆ ఏడుపు పాట పేరే 'ఢావ్లో'. ఇప్పటి పిల్లలకు ఏడుపు వస్తుంది గానీ పాట రాదు. అందుకని పిల్ల మెడ చుట్టూ చేతులు వేసి, పిల్ల బదులు పూలి ఏడ్చేది. డీజే పెట్టినవాళ్లు కూడా ఆ కాసేపు దాన్ని ఆపి వినేవాళ్లు.

ఆ గొంతును దగ్గు తినేసింది.

పూలికి బీపీ ఉందని తొమ్మిదేళ్ల కింద తేలింది. మొదట ఒకటే మందు. అది సరిపోక, నాలుగేళ్ల కింద ఒక డాక్టరు రెండు మందులు కలిపిన గోలీ రాశాడు. బీపీ దిగింది. మూడేళ్లకు పైగా పూలి ఆ గోలీని ఒక్కరోజు కూడా మానలేదు. మానితే ఏమవుతుందో ఆమె తన ఇంట్లోనే చూసింది. మొగుడు లచ్చిరాం "ఒళ్లు మంచిగనే ఉంది గదా, ఇంక గోలీలెందుకు" అని తన బీపీ గోలీలు మానేశాడు. ఓ పొద్దున మిరపచేలో పడిపోయాడు. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ పోయాయి. రెండేళ్లు మంచంలోనే ఉన్నాడు. ఎత్తింది పూలి, కడిగింది పూలి, చివరికి మట్టి చేసిందీ పూలే.

కొత్త గోలీ మొదలుపెట్టిన మూడు నెలలకు పొడి దగ్గు పట్టుకుంది. గొంతులో ఎవరో ఈక పెట్టి తిప్పుతున్నట్టు ఉండేది. అది మిర్చి కల్లాల కాలం. తాలుకాయలు ఏరే ఆడవాళ్లలో దగ్గనిది ఎవరు? మిర్చి ఘాటు అనుకున్నారు. పూలి కూడా అదే అనుకుని కల్లం పని మానేసింది. దగ్గు మాత్రం మానలేదు. తెమడ పరీక్ష చేశారు, ఎక్స్‌రే తీశారు, టీబీ లేదన్నారు. డాక్టర్లు లేదంటే తండా నమ్ముతుందా? చాయ్ పోసేచోట ఆమెకు వేరే గ్లాసు వచ్చింది. పెళ్లిళ్లలో పాట రెండో వరసకు వచ్చేసరికి దగ్గు తెర ముంచుకొచ్చేది. ముసలి దేవ్లా మొహం మీదే అడిగాడు:

"ఏందే పూలీ, ఏడుస్తున్నవా, మొరుగుతున్నవా?"

అందరూ నవ్వారు. పూలి కూడా నవ్వబోయి దగ్గింది. ఆ తర్వాత ఆమెను పిలిచేవాళ్లు తగ్గిపోయారు.

మొన్నటి వానాకాలం దుమ్ముగూడెంలో చిన్నబిడ్డ ఇంటికి పోయింది. గోదారి పొంగి రోడ్డు మునిగింది. రోడ్డు తేలేసరికి బిడ్డ జ్వరంతో పడుకుంది. తెచ్చుకున్న గోలీలు అయిపోయి మూడు వారాలు గడిచాయి. దగ్గు పోయింది. ఇంటికొచ్చి గోలీ మొదలుపెట్టిన వారానికి మళ్లీ వచ్చింది.

పూలి చదువుకోలేదు గానీ తెలివితక్కువది కాదు. దగ్గు ఎక్కణ్నుంచి వస్తోందో అర్థమైంది. ఎవరికీ చెప్పలేదు. ఆమె లెక్కలో బీపీకి గోలీ అంటే అదొక్కటే. బతకాలంటే దగ్గాలి. అంతే అనుకుని మింగుతూ వచ్చింది.

మాఘమాసంలో మనవరాలు సంగీత పెళ్లి కుదిరింది. కొడుకు బలరాం బిడ్డ. భద్రాచలంలో ఒక ఆఫీసులో కంప్యూటర్ మీద పని చేస్తుంది. పెళ్లికి నెల ముందు పూలి గోలీ మానేసింది. దగ్గు పోయింది, గొంతు వచ్చింది.

పెళ్లి నాలుగు రోజులుందనగా నర్సు శ్యామల బీపీ మిషన్ పట్టుకుని వచ్చింది. వాకిట్లో కూర్చోబెట్టి చూసింది. పైది రెండు వందలు, కిందిది నూట పది.

"అవ్వా, గోలీ ఏస్కుంటున్నవా?"

"అవ్, ఏస్కుంటున్న."

"నాతోని అబద్ధమాడుతవు సరే. మిషన్‌తోని ఎట్ల ఆడ్తవ్?"

పూలి ఆమె చెయ్యి పట్టుకుంది. "నాలుగు దినాలు ఆగు బిడ్డా. పెండ్లి కానీ. ఎన్ని గోలీలిస్తే అన్ని మింగుత."

"నాలుగు దినాలు నువ్వుండాలె గదా!"

"అది మింగితే దగ్గొస్తది. దగ్గొస్తే పాట రాదు. నా మన్మరాలిని మూగదాని లెక్క తోలాల్నా?"

శ్యామల మందుల చీటీ తెప్పించి చూసి తల పట్టుకుంది.

"దీంట్ల రెండు మందులున్నయి. ఒకటి కొందరికి గిట్లనే దగ్గు తెస్తది. చెప్తే దాన్ని మారుస్తరు. నాలుగేండ్ల సంది ఏం జేసినవ్? డాక్టర్‌కు చెప్పలే?"

"ఆయన బీపీ సంగతి అడిగిండు, చెప్పిన. దగ్గు సంగతి అడగలే."

అప్పటికప్పుడు సంగీత స్కూటీ మీద ఆమెను భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయింది. ఒక పూట పడుకోబెట్టి, మందు మార్చారు. కొత్త గోలీతో ఆ దగ్గు రాదన్నాడు డాక్టరు. బీపీ పూర్తిగా దిగడానికి మాత్రం కొన్ని వారాలు పడుతుంది. అందాకా ఉప్పు తగ్గించాలి. అరవకూడదు, గొంతెత్తి ఏడవకూడదు.

దగ్గు లేదు. గొంతు ఉంది. వాడొద్దన్నారు.

"ఆయనకేం ఎరుక?" అంది పూలి వచ్చేటప్పుడు. "నేను పాడ్త. పడితే పడ్త."

సంగీత గోదారి వంతెన దాటగానే స్కూటీ ఆపింది.

"పడ్త అని జల్దీ అంటవ్ దాదీ. దాదాను రెండేండ్లు నువ్వు ఎత్తినవ్. నిన్నెవరు ఎత్తాలె? నా పెండ్లి రోజే నువ్వు పడితే, ఏటా ఆ రోజు నేను నవ్వాల్నా, ఏడ్వాల్నా?"

పూలి స్కూటీ దిగి రోడ్డు పక్కన కూర్చుంది. ఇసుక లారీలు రెండు పోయాయి.

"మా కాలంల పెండ్లిపిల్లనే పాడేది," అంది చివరికి. "నువ్వు నేర్చుకో."

"నాకు మన బాసనే సగం రాదు."

"సగమొస్తది గదా. సాలు."

మూడు రోజులు పూలి పాటను మాటలా చెప్పింది. రాగం ఎత్తకుండా, మోకాలి మీద వేలితో తడుతూ చెప్పింది. పిల్ల వరస తప్పినప్పుడల్లా గొంతు దానంతట అదే లేవబోయేది. పూలి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఆగేది.

సాగనంపే వేళ డీజే ఆగింది. ఆడవాళ్లంతా పూలి వైపు చూశారు. పూలి అరుగు మీద కూర్చునే ఉంది. సంగీత వచ్చి ఆమె మెడ చుట్టూ చేతులు వేసి మొదలుపెట్టింది. ఈ వాకిట్లో తిరిగిన కాళ్లు రేపు ఎవరి వాకిట్లో తిరుగుతాయని మొదటి వరస. నా చెంబుతో ఎవరు నీళ్లు తాగుతారని రెండోది. మూడో వరస దగ్గర మరిచిపోయింది. అసలైన ఏడుపు తన్నుకొచ్చింది.

"అందియ్యే పూలీ! జర అందియ్యి," అంది వెనకనుంచి ఎవరో.

మూడో వరస పూలి నాలుక మీదే ఉంది. దవడలు బిగించింది. కళ్ల నీళ్లు కారిపోతున్నాయి, పెదవులు విడలేదు. మనవరాలి వీపు మీద వేలితో వరస తడుతూ ఉండిపోయింది.

సంగీత మళ్లీ మొదటికి వచ్చింది. వచ్చిన ఆ రెండు వరసలే, సగం రాగం తప్పుతూ, కారు ఎక్కేదాకా పాడింది.