లెఫ్ట్ బ్యాక్ పుష్పరాణి చేరిన కాలేజీ

పన్నెండో తరగతి ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచీ పుష్పరాణికి కుదురు లేదు. మంచం మీద కూర్చుంటే కాలు ఆడుతూనే ఉండేది. "కాలూపకే గుంటా, ఇంటికి మంచిది కాదు" అని తల్లి సింహాచలమ్మ కసిరేది. కాలు ఆపితే వేళ్ళు విరుచుకునేది. అదీ ఆపమంటే లేచి వీధిలోకి పోయేది. అయిదు నిమిషాల్లో వచ్చి, ఎందుకు వెళ్ళిందో ఎందుకు వచ్చిందో తెలియనట్టు గుమ్మంలో నిలబడేది.

వాళ్ళుండేది కలకత్తాలో, ఏక్‌బాల్‌పూర్‌లోని కార్పొరేషన్ క్వార్టర్స్‌లో. తండ్రి బంగారయ్య కార్పొరేషన్ చెత్తలారీ మీద పనిచేస్తాడు. సింహాచలమ్మ దగ్గర్లోనే ఒక నర్సింగ్ హోంలో ఆయా. తాతల కాలంలో శ్రీకాకుళం నుంచి వచ్చిన కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బడిలో బెంగాలీ.

బంగారయ్యకి ఫుట్‌బాల్ అంటే ప్రాణం. కొడుకులు లేని లోటు అతనికి ఎప్పుడూ తోచలేదు. కూతుర్ని సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని ఆదివారాలు ఊరి నడిబొడ్డున ఉన్న మైదాన్‌కి తీసుకుపోయేవాడు. ఎడమకాలితో బంతిని తన్నడం చూసి, "ఓలమ్మా, ఇది ఎడంకాలి గుంట, ఎక్కడో ఉండాల్సింది" అని మురిసిపోయాడు. పన్నెండేళ్ళు రాగానే, అందరూ మౌసుమీ దీ, అంటే మౌసుమీ అక్క, అని పిలిచే పాత క్రీడాకారిణి నడిపే అమ్మాయిల క్లబ్బులో చేర్పించాడు. పుష్పరాణి అక్కడ ఎడమవైపు కాపు కాసే లెఫ్ట్ బ్యాక్ అయింది. అవతలి జట్టు వింగర్ ఎంత వేగంగా వచ్చినా భయపడేది కాదు. ఎదురెళ్ళి కాలు పెట్టేది.

ఒకసారి అలా కాలు పెట్టినప్పుడే చీలమండ బెణికింది. క్లబ్బులో ఎవరో ఐసు పెట్టారు, ఎవరో వేడినీళ్ళు పోశారు, ఎవరో నూనె రాసి గట్టిగా తోమారు. వాపు తగ్గలేదు, పెరిగింది. మంచం మీద గడిపిన అన్నాళ్ళూ ఆమె ఆలోచించింది ఒకటే: అసలు ఈ చర్మం కింద ఏం జరుగుతోంది? బడికి తిరిగి వెళ్ళాక జీవశాస్త్రం పుస్తకం మీద పడింది. ఆ సబ్జెక్టులో వచ్చిన మార్కులు చూసి టీచర్లే ఆశ్చర్యపోయారు. డిగ్రీలో ఫిజియాలజీ చదవాలని అప్పుడే అనుకుంది. ఆట మానాలని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

ఇప్పుడు ముందర రెండు దారులున్నాయి. దక్షిణ కలకత్తాలో ఒక పాత కాలేజీలో ఫిజియాలజీ ఆనర్స్. పేరున్న డిపార్ట్‌మెంటు, స్పోర్ట్స్ కోటాలో ఫీజు మాఫీ. అమ్మాయిల జట్టు మాత్రం పేరుకే ఉందని అందరూ చెప్పారు. రెండోది బర్ద్వాన్ దాటాక హైవే పక్కన ఉన్న ఒక ప్రైవేటు యూనివర్సిటీ. పచ్చటి టర్ఫ్, పెద్ద కోచ్, హాస్టలు, తిండి, అన్నీ వాళ్ళవే. ట్రయల్‌కి రమ్మని మౌసుమీ దీకి ఫోన్ చేశారు.

"ఇంకేటి ఆలోచన? ఎల్లు" అన్నాడు బంగారయ్య.

"ముందు సూసొద్దాం. సూడకుండా గుంటని పంపనేను" అంది సింహాచలమ్మ. డ్యూటీ మార్చుకుని కూతురితో హౌరాలో లోకల్ ఎక్కింది.

ట్రయల్ అద్భుతంగా జరిగింది. ఆ గడ్డి మీద బంతి మాట విన్నట్టు దొర్లుతుంటే పుష్పరాణి కాళ్ళకి రెక్కలొచ్చాయి. మైదాన్‌లో బురదలో, గుంటల్లో ఆడిన పిల్ల. మొదటి అరగంటలోనే స్పోర్ట్స్ అధికారి కోచ్ చెవిలో ఏదో చెప్పాడు. ఆట అయ్యాక ఆమెని పిలిచి అన్నాడు:

"సీటు నీదే. ఫీజు లేదు, హాస్టల్ ఉచితం. సోమవారంలోగా మాట చెప్పాలి."

"సార్, ఫిజియాలజీ?"

"అది మా దగ్గర లేదు. మా ఆటగాళ్ళందరికీ స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్. క్లాసుల గురించి బెంగ పెట్టుకోకు, హాజరు మేం చూసుకుంటాం."

బెంగ పెట్టుకోవద్దన్న మాటకే పుష్పరాణికి బెంగ మొదలైంది.

క్యాంటీన్‌లో తల్లీకూతుళ్ళు తెలుగులో మాట్లాడుకుంటుంటే పక్క బల్ల దగ్గర్నుంచి ఒకమ్మాయి తిరిగి చూసింది. మోకాలికి బెల్టు ఉంది. "మీది తెలుగా అండీ? మాది ఖరగ్‌పూర్. నా పేరు లలితకుమారి" అంది. మూడో ఏడు చదువుతోంది. ఇక్కడే మిడ్‌ఫీల్డ్ ఆడేదట.

"మోకాలికేటయింది తల్లీ?" అని అడిగింది సింహాచలమ్మ.

"లిగమెంటు తెగింది పిన్నీ, సెకండియర్లో. ఆపరేషన్ చేయించారు, బాగానే చూసుకున్నారు. కానీ స్కాలర్‌షిప్ జట్టులో ఉన్నవాళ్ళకే. ఆ మరుసటేడు నా పేరు జట్టులో లేదు. ఇప్పుడు ఫీజు మా నాన్నే కడుతున్నాడు."

"చదువెలా ఉంది అక్కా?" పుష్పరాణి అడిగింది.

"పాస్ అవుతాం. చదవం." లలితకుమారి నవ్వింది. తర్వాత కిటికీలోంచి గ్రౌండు వైపు చూసి, "నిన్ను రావద్దని చెప్పడం లేదు. ఆ గడ్డి మీద ఆడిన రోజులు నాకు మళ్ళీ ఎక్కడా దొరకవు. నువ్వూ ఇవాళ ఆడావు కదా, తెలిసే ఉంటుంది" అంది.

అది నిజమని పుష్పరాణికీ తెలుసు. ప్లేటు వదిలేసి అధికారి గదికి వెళ్ళింది.

"సార్, నాకు దెబ్బ తగిలితే ఫీజు ఎవరు కడతారు?"

"ఇంకా చేరకముందే అశుభం ఎందుకమ్మా?"

"తగిలితే, సార్?"

ఆయన ముఖంలో నవ్వు కొంచెం తగ్గింది. "అప్పుడు కమిటీ చూస్తుంది" అన్నాడు.

తిరుగు రైల్లో పుష్పరాణి కూర్చోలేదు. సీటు ఖాళీగా ఉన్నా తలుపు దగ్గరే నిలబడింది. ఇంటికొచ్చి జరిగిందంతా చెప్తే బంగారయ్య మండిపడ్డాడు.

"దెబ్బ తగులుతాదనీసి ఆట మానేస్తారేటి ఎవలైనా? సదువు ఎక్కడైనా సదవొచ్చు. అలాటి గ్రౌండు కలకత్తాలో ఎక్కడుంది సెప్పు?"

"మానేస్తానని నానన్నానా? క్లబ్బులో ఆడతాను."

"క్లబ్బులో! బురదలో! నా కూతురు టీవీలో కనబడతాదనుకున్నాను నాను."

ఆ మాట అని అతను బయటికి పోయాడు. పుష్పరాణికి కోపం రాలేదు. సైకిల్ కడ్డీ మీద కూర్చోబెట్టి మైదాన్ తిప్పిన మనిషికి ఆ మాట అనే హక్కు ఉందనిపించి ఇంకా బాధేసింది. మౌసుమీ దీ దగ్గరికెళ్ళి అడిగితే ఆమె, "నేనైతే వెళ్ళేదాన్ని. వెళ్ళాను కూడా. ఇప్పుడు నా దగ్గర పతకాలున్నాయి, డిగ్రీ లేదు. నిన్ను వెళ్ళమనో వద్దనో చెప్పడానికి నాకు నోరు రావడం లేదు" అంది.

శనివారం పుష్పరాణి ఒక్కతే బస్సెక్కి దక్షిణ కలకత్తా కాలేజీకి వెళ్ళింది. గ్రౌండు చూస్తే నీరసం వచ్చింది. ఒక గోల్‌పోస్టుకి వల లేదు. రెండోదాని మీద ఎవరో తువ్వాలు ఆరేశారు. అమ్మాయిల జట్టు గురించి అడిగితే స్పోర్ట్స్ మేడం నిట్టూర్చింది. "అందరూ వస్తే పదకొండుమంది" అంది. పైన ఫిజియాలజీ ల్యాబులో మాత్రం ఒక ప్రొఫెసరమ్మ తన చేతిమీద ఎలక్ట్రోడ్లు అంటించుకుని, కండరం బిగిస్తే తెరమీద గీత ఎలా లేస్తుందో పిల్లలకి చూపిస్తోంది. పుష్పరాణి గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండిపోయింది. కాసేపటికి ప్రొఫెసరమ్మ లోపలికి పిలిచి, స్పోర్ట్స్ కోటా అని తెలుసుకుని, "మధ్యాహ్నాలు ప్రాక్టికల్స్ ఉంటాయి. మ్యాచ్ ఉందని ఎగ్గొడితే నేను ఊరుకోను" అంది.

కింద ఆఫీసులో పుష్పరాణి మళ్ళీ అదే ప్రశ్న అడిగింది. దెబ్బ తగిలితే మాఫీ పోతుందా?

"పోదు" అన్నాడు గుమాస్తా, తలెత్తకుండానే. "పరీక్ష తప్పితే పోతుంది."

ఆ జవాబు విని ఆనందపడాలి. ఆనందం రాలేదు. ఆ పచ్చగడ్డి కళ్ళముందే ఉంది. సోమవారం పొద్దున్న యూనివర్సిటీకి ఫోన్ చేసి రానని చెప్పింది. "తర్వాత పశ్చాత్తాపపడతావు" అన్నాడు అధికారి. "కావచ్చు సార్" అంది. బంగారయ్య నాలుగు రోజులు ముభావంగా తిరిగి, అయిదో రోజున కూతురి బూట్లు తనే తోమి ఎండలో పెట్టాడు.

మొదటి ఏడు కష్టంగానే గడిచింది. పొద్దున్న మైదాన్‌లో క్లబ్బు ప్రాక్టీసు, తర్వాత క్లాసులు, మధ్యాహ్నం ల్యాబు. బస్సులో నిలబడే కునికేది. మొదటి సెమిస్టర్లో కెమిస్ట్రీ పేపరు అత్తెసరు మార్కులతో గట్టెక్కింది. ఫిజియాలజీలో మాత్రం ముందు వరసలో నిలిచింది. కాలేజీ జట్టు మొదటి రౌండులోనే ఓడింది. అయినా తమ యూనివర్సిటీ కాలేజీలన్నిటి తరఫున ఆడే జట్టుకి ఆమెని తీసుకున్నారు. బంగారయ్య నాలుగు రోజులు ముభావంగా తిరిగి, అయిదో రోజున కూతురి బూట్లు తనే తోమి ఎండలో పెట్టాడు.

శీతాకాలంలో తూర్పు ప్రాంతపు పోటీల్లో వాళ్ళకి ఎదురుపడింది ఆ ప్రైవేటు యూనివర్సిటీ జట్టే. బంగారయ్య సెలవు పెట్టి వచ్చాడు. అవతల లెఫ్ట్ బ్యాక్‌గా ఆడింది పుష్పరాణి వదులుకున్న చోట్లో చేరిన మణిపురి అమ్మాయి. గాలిలా పరిగెత్తింది. పుష్పరాణి తన వైపు వింగర్‌ని చివరిదాకా కదలనివ్వలేదు గాని, రెండో పక్కనుంచి మూడు గోల్స్ పడ్డాయి. ఓడిపోయారు.

బయటికి వచ్చాక తండ్రీకూతుళ్ళు టీ కొట్టు దగ్గర నిలబడ్డారు.

"ఆ గుంట బాగా ఆడింది" అన్నాడు బంగారయ్య.

"అవును. నాకంటే బాగా ఆడింది."

"అక్కడికే ఎల్లుంటే నువ్వూ అలాగే ఆడేదానివి."

"ఏమో నాన్నా. అలాగే ఆడేదాన్నేమో."

ఆమె కాదనకపోవడం అతను ఊహించలేదు. టీ తాగుతున్న మట్టికప్పు నేలమీద పెట్టి, కూతురి మొహంలోకి చూశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గాని ఏడవడం లేదు.

"రేపేటో ఉందన్నావు, ఏటది?"

"ప్రాక్టికల్ పరీక్ష. గుండె చప్పుడు మీద."

"మరి నిలబడ్డావేటి? బేగి పద, బస్సెల్లిపోద్ది" అని ఆమె భుజం మీది సంచీ తను తీసుకుని ముందు నడిచాడు.