నీలం చొక్కా వెంట పాతపట్నం దాకా

ఈ దారిన వెళ్ళే అవసరం ఎవరికీ రాకూడదు. కాని వస్తుంది. మా పల్లెలాంటి సముద్రపొడ్డు ఊళ్ళకైతే మరీను. ఇంటికొక మగాడు గుజరాత్‌లో వేరావల్ చేపల బోట్ల మీద ఉంటాడు. వాడు క్షేమంగా ఉన్నాడో లేడో ఫోన్ మోగితేనే తెలుస్తుంది. అందుకని మా అత్తతో కలిసి నేను విజయనగరం, పాతపట్నం తిరిగొచ్చిన సంగతి మొదట్నించీ చెబుతాను. ఏ బండి ఎక్కాలో, ఎవరు ఏమడుగుతారో ముందే తెలిస్తే కాళ్ళు కొంచెం తక్కువ వణుకుతాయి.

మా అత్త పేరు ఎల్లమ్మ. మా నాన్నకి చెల్లెలు, వాళ్ళమ్మాయినే చేసుకున్నాను గనక రెండు విధాలా అత్తే. ఆమెకి ఒక్కడే కొడుకు, కామేశు. వేరావల్‌లో బోటు మీద పని.

ఒక సాయంత్రం కోటబొమ్మాళి టైలరు నాకు ఫోన్ చేశాడు. కొత్తవలస దగ్గర పట్టాల పక్కన ఒక కుర్రాడి శవం దొరికింది. జేబుల్లో టిక్కెట్టు గాని ఫోను గాని లేవు. చొక్కా కాలరు లోపల టైలరు కొట్టు పేరున్న గుడ్డముక్క ఒక్కటే ఆధారం. విజయనగరం రైల్వే పోలీసులు దాన్ని పట్టుకుని అతనికి చొక్కా ఫోటో పంపారు.

"సూరీ, ఆ సొక్కా నాను కుట్టినదే. రెండు జేబులకీ మూతలెట్టమని మీ యత్త పక్కన కూకోని మరీ కుట్టించినాది. కామేసుది," అన్నాడు.

కామేశుకి ఫోన్ చేశాను. స్విచాఫ్. బోటు వేటకి వెళితే ఫోన్ పలకదు, అది మామూలే. చొక్కా సంగతే మామూలు కాదు.

మర్నాడు పొద్దున్నే కోటబొమ్మాళిలో విశాఖ పాసింజరు ఎక్కాం. ఎక్స్‌ప్రెస్సుల కోసం చూడకండి, ఇక్కడ ఆగేవి తక్కువ. నేను చేపల వ్యాపారిని. ఐసు పెట్టెలతో ఈ లైన్లో తిరిగీ తిరిగీ, బండిని ఎక్కడ ఎంతసేపు నిలబెడతారో నాకు కంఠతా వచ్చు. ఆ రోజు మాత్రం తిలారు మొదలుకొని ప్రతి స్టేషన్లోనూ బండి నామీద పగబట్టినట్టే ఆగింది. అత్త కిటికీ పక్కన కూర్చుని, సంచీ ఒళ్ళో పెట్టుకుంది. సంచీలో కొత్త పంచె, పసుపు ఉన్నాయని నాకు తెలుసు. ఆమె సర్దుతుంటే చూశాను.

పొందూరులో ఎక్కిన పెద్దాయన ఎదురుగా కూర్చుని పలకరించాడు. "ఏటమ్మా, ఏ ఊరెల్తన్నారు?"

"ఇజీనారం. మా అబ్బాయిని సూడ్డానికి."

"ఆసుపత్రిలో ఉన్నాడేటి?"

"ఊఁ."

"బాగైపోతాది లెండి. అక్కడ మంచి డాక్టర్లున్నారు," అన్నాడాయన. చీపురుపల్లిలో వేరుశనక్కాయలు కొని మా ఇద్దరికీ చెరో గుప్పెడు పెట్టాడు. అత్త పుచ్చుకుంది గాని తినలేదు. కొంగున ముడేసుకుంది.

విజయనగరంలో దిగేసరికి పది దాటింది. రైల్వే పోలీసుల గది స్టేషన్లోనే ఉంటుంది, ఎవరినడిగినా చూపిస్తారు. మీ ఆధార్ కార్డు, మనిషి ఫోటో, వీలైతే నవ్వుతున్న ఫోటో తీసుకెళ్ళండి. పళ్ళ వరస అడుగుతారు. ఎత్తెంత, ఒంటి మీద పచ్చబొట్లున్నాయా, ఎప్పుడు మాట్లాడాడు, అవీ అడుగుతారు. అక్కడున్న హెడ్ కానిస్టేబులు మాకు కుర్చీలు వేయించి, ముందు మంచినీళ్ళు ఇప్పించాడు. మాలాంటివాళ్ళని చాలామందిని చూసినవాడి నెమ్మది ఆయనది.

చొక్కా బయటికి తీశారు. లేత నీలం, రెండు జేబులకీ మూతలు. అత్త కాలరు తిప్పి చూసి, ఒక గుండీని వేలితో తడిమింది. "ఈ గుండీ నానే మార్సినాను. దారం రంగు కలవనేదు," అంది.

ఇక నాకు సందేహం లేకపోయింది. హెడ్డుగారు కాగితాలు తీశారు. సంతకం పెట్టేస్తే సాయంత్రానికల్లా తీసుకెళ్ళిపోవచ్చు, ఇంటి దగ్గర నా భార్యకి ఏం చెప్పాలి, వ్యాన్ ఎక్కడ దొరుకుతుంది అని నా బుర్ర అప్పుడే పనిలో పడింది. నా స్వభావమే అంత. ఏడవాల్సిన చోట ఏర్పాట్లు చూస్తాను.

"మనిసిని సూడకుండా సంతకమేటిరా?" అంది అత్త.

పెద్దాసుపత్రి స్టేషనుకి ఆటోలో కాసేపే. వెనకవైపు గదిలో బట్ట తొలగించి చూపించారు. మొహం వాచి, రంగు మారిపోయి ఉంది. అదే ఎత్తు, అదే వయసు. కామేశే అని నాకు నేను చెప్పేసుకున్నాను. అత్త ముందు పాదాలు చూసింది. తర్వాత తల దగ్గరికి వెళ్ళి వంగి చాలాసేపు అలాగే ఉంది.

"కాడు," అంది.

హెడ్డుగారు నా వైపు చూశారు. బయటికొచ్చాక నెమ్మదిగా అన్నారు, "తల్లులందరూ ముందు కాదనే అంటారమ్మా. సొక్కా మీదేనని మీరే సెప్పినారు కదా."

"సొక్కా మాదే బాబూ. మనిసి మావోడు కాడు. ఆ బిడ్డకి ముక్కు కుట్టున్నాది. కుడిపక్క. పూడిపోయినాది గాని మచ్చ అలాగే ఉన్నాది. మావోడికి మేం కుట్టించనేదు. మాకా అవుసరం రానేదు."

హెడ్డుగారి కాగితంలో ముక్కు మీద చిన్న మచ్చ అని ముందే రాసుంది. అదేమిటో మాత్రం అంతవరకూ ఎవరూ అనుకోలేదు. మా వైపు, పుట్టిన పిల్లలు వరసగా పోతుంటే, ఆ తర్వాత పుట్టినవాణ్ణి చేటెడు తవుడుకి పొరుగింటివాళ్ళకి అమ్మేసి, మళ్ళీ కొనుక్కున్నట్టు తెచ్చుకుంటారు. ముక్కు కుట్టిస్తారు. వీడు మా కన్నబిడ్డ కాదు, కొన్న సరుకు, తీసుకెళ్ళకు అని చావుకి చెప్పడం అన్నమాట.

"ఈ బాబు కొనుక్కున్న బిడ్డ. పేరు తవుడో, పెంటయ్యో అయ్యుంటాది," అంది అత్త.

మరి మా చొక్కా వాడి ఒంటి మీదకి ఎలా వచ్చింది? వేరావల్ నుంచి కిందటి నెలలో వచ్చేసిన మా ఊరి గణపతికి ఫోన్ చేశాను. కామేశుతో ఒకే బోటులో పనిచేసినవాడు. వాడికి ఇందులో వింతేమీ కనిపించలేదు.

"సీజను మద్దిలో ఇంటికెల్లేవోడికి బోట్లో ఉన్నోటిలో మంచి బట్టలు తీసి ఏసి పంపుతాం మావా. సేపల కంపుతో, సిరిగిన గుడ్డల్తో ఎల్తే బోటుకే నామోసీ. నాను వొచ్చినప్పుడు నా ఒంటి మీద ప్యాంటొకడిది, సొక్కా ఇంకొకడిది."

"మీ బోట్లో తవుడని ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నాడు. బోట్లో వొంట సేస్తాడు. పాతపట్నం అవతల పల్లి. కామేసంటే ఆడికి పేనం. ఏటి మావా, ఏటైనాది?"

గణపతే వేరావల్‌లో బోటు గుమస్తాకి ఫోన్ చేసి కనుక్కున్నాడు. తవుడు వాళ్ళమ్మ కంటి ఆపరేషన్ కోసం ఇంటికి బయల్దేరాడు. కామేశు తన చొక్కా వేసి పంపించాడు. ఆ రోజే బోటు వేటకి వెళ్ళింది, కామేశు దాని మీదే ఉన్నాడు. ఒడ్డుకి రావడానికి ఇంకా రెండు మూడు రోజులు పడుతుంది.

ఆసుపత్రి ఎదురుగా చిన్న హోటల్లో ఇడ్లీ తిన్నాం. అత్త ప్లేటు ఖాళీ చేసి, ఇంకో రెండు చెప్పమంది. అవి సగం తిన్నాక చెయ్యి ఆపేసింది.

"సూడరా ఎలా తింటన్నానో. నా కొడుకు కాదని తెలిసేసరికి ఆకలేసినాది. ఆ తల్లికింకా తెల్దు కదా."

హెడ్డుగారు పాతపట్నం స్టేషనుకి కబురు పంపిస్తాననే అన్నారు. అత్త ఒప్పుకోలేదు. "మావోడి సొక్కాతో పోయినాడు. మనవే ఎల్లి సెప్పాల," అంది. సంచీ భుజాన వేసుకుని నాకన్నా ముందు నడిచింది.

మధ్యాహ్నం బండిలో ఆమదాలవలస, అక్కణ్ణించి పాతపట్నం బస్సు. కండక్టరు మా చేపల వాసన పట్టి, "సముద్రం నుంచి ఇంతదూరం పెళ్ళికా?" అని అడిగాడు. నేను రెండు టిక్కెట్లడిగాను. పాతపట్నంలో దిగి, గణపతి చెప్పిన గుర్తులతో ఆటోలో ఆ పల్లె చేరేసరికి పొద్దు వాలుతోంది. మెట్టభూముల ఊరు. ఇంటి అరుగు మీద ఒకావిడ చేటలో చోళ్ళు, అదే రాగులు, చెరుగుతోంది. గింజల్ని చూసి కాదు, వేళ్ళతో తడిమి రాళ్ళు ఏరుతోంది. తవుడు తల్లి గౌరమ్మ.

"ఎవులమ్మా?"

"నాను కామేసు వాల్లమ్మను. ఏరావల్లో మీవోడి బోట్లో ఉన్నాడే, ఆ కామేసు."

గౌరమ్మ మొహం వెలిగిపోయింది. "కామేసన్నా, కామేసన్నా అని మావోడు ఎప్పుడూ పోన్లో సెప్తాడు. కూకోండమ్మా. ఒరే నారాయనా, నీల్లియ్యి. ఈపాటికి మావోడు కూడా రావాల. మీతో గానీ వొచ్చినాడేటి?"

అత్త నీళ్ళు తాగింది. చేటలో చెయ్యి పెట్టి తనూ చోళ్ళు ఏరడం మొదలుపెట్టింది. కాసేపటికి గౌరమ్మ మాటలు వాటంతటవే ఆగిపోయాయి. అప్పుడు అత్త చేట పక్కకి పెట్టి, ఆమె రెండు చేతులూ పట్టుకుని చెప్పింది. రైలు, కొత్తవలస, విజయనగరం, చొక్కా. ఏదీ దాచలేదు, ఏదీ పెంచలేదు. నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను.

గౌరమ్మ ఒక్కటే అడిగింది.

"ముక్కు సూసినారా?"

"సూసినానమ్మా. కుడిపక్క."

గౌరమ్మ తల అత్త భుజం మీద వాలిపోయింది. "ఆ ఒక్కన్నీ కొనుక్కున్నాను," అంది. ఆ మాట తర్వాత ఆ ఇంట్లో ఏడుపు మొదలైంది. నేనూ ఏడ్చాను. పొద్దున్న మా కామేశు కోసం రాని కన్నీళ్ళు, నేనెప్పుడూ చూడని తవుడు కోసం వచ్చాయి.

ఆ రాత్రి అక్కడే ఉన్నాం. మర్నాడు గౌరమ్మ తమ్ముడు నారాయణ, నేను వ్యాన్ మాట్లాడుకుని విజయనగరం వెళ్ళాం. అత్త గౌరమ్మ దగ్గరే ఉండిపోయింది. దగ్గరి బంధువు వస్తే కాగితాల పని తొందరగానే అవుతుంది. కాకపోతే ఊరి పెద్ద చేత ఒక ముక్క రాయించుకుని వెళ్ళండి. హెడ్డుగారు తన కాగితంలో 'గుర్తుతెలియని' అన్న మాట కొట్టేసి, పక్కన తవుడు పేరు రాశారు. రాశాక కలం మూత పెట్టి, "మీయత్తగారిని అడిగినానని సెప్పండి," అన్నారు.

సాయంత్రం తవుడుని ఇంటికి తెచ్చాం. నారాయణ చొక్కా మడత పెట్టి అత్తకి ఇవ్వబోయాడు. అత్త తీసుకోలేదు. "ఏసి పంపిన సొక్కా. ఆడితోటే ఎల్లనీ," అంది. తన సంచీలోని కొత్త పంచె, పసుపు తీసి ఇచ్చింది. కామేశు కోసమని తెచ్చినవి తవుడుకి సరిపోయాయి.

మూడోరోజు పొద్దున్న తిరుగు ప్రయాణం. పాతపట్నం నుంచి టెక్కలికి బస్సు, అక్కణ్ణించి కోటబొమ్మాళి. బయల్దేరేటప్పుడు గౌరమ్మ చిన్న మూటలో చోళ్ళు కట్టిచ్చింది. కంటి ఆపరేషన్‌కి తను తీసుకెళ్తానని అత్త ఆమెకి మాటిచ్చింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, కొంగు ముడి విప్పి, పొందూరు పెద్దాయన పెట్టిన వేరుశనక్కాయలు ఇప్పుడు ఒక్కొక్కటే వలుచుకుంది.

ఈ మూడు రోజుల్లో నాకు తెలిసింది చెబుతాను. చొక్కా అబద్ధం చెప్పదు, కాని అది చెప్పేది మనం అడిగిన సంగతి కాకపోవచ్చు. మనిషిని గుర్తుపట్టడానికి వెళ్ళేటప్పుడు కార్డులు, ఫోటోలతో పాటు పిల్లల్ని పెంచిన చెయ్యి ఒకటి వెంట తీసుకెళ్ళండి. మీ మనిషి కాదని తేలితే ఊపిరి పీల్చుకోండి, తప్పులేదు. తర్వాత ఎవరి మనిషో కూడా అడిగి రండి.

టెక్కలి దగ్గరపడుతుండగా నా ఫోన్ మోగింది. కామేశు. వెనకాల రేవు గోల వినిపిస్తోంది.

"బావా, ఇప్పుడే ఒడ్డుకొచ్చినాం. ఇంకా బోటు దిగనేదు. నాకో పని సేసి పెట్టాల. మా వొంటోడు తవుడని, ఇంటికెల్లినాడు. ఆడి పోను పలకట్నేదు. ఓపాలి పాతపట్నం ఎల్లి, సేరినాడో లేదో సూసి రాగలవా?"

అత్త నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. కొడుకు గొంతు వినగానే ఒక్కసారి కళ్ళు మూసుకుంది. తర్వాత చెప్పింది.

"ఎల్లినామురా బాబూ. అక్కణ్ణించే వొస్తన్నాం. ఇంటికి సేరినాడు. నీ సొక్కాతోనే సేరినాడు. నువ్వు ముందు దిగి అన్నం తిను. తిన్నాక నాకు పోన్ సెయ్యి, మిగతాది సెప్తాను."