గౌను మీద గార

శాన్ అంటోనియోలో కుళాయి తిప్పితే నీళ్లతో పాటు సున్నం కూడా వస్తుందని మా పడమటి పేటలో పసిపిల్లకైనా తెలుసు. బీన్స్ మధ్యాహ్నం దాకా ఉడికించినా పలుకు పోదు. వాషింగ్ మెషీన్ ఏడేళ్లు బతికితే గొప్ప. హీటర్ అడుగున గార పేరుకుపోయి, పొద్దున్నే ఎవరో లోపల గులకరాళ్లు వేయిస్తున్నట్టు చప్పుడు చేస్తుంది. అందుకే తాగడానికి వీధి మూలనున్న శుద్ధినీళ్ల బూత్ నుంచి డబ్బాలతో నీళ్లు మోసుకొచ్చుకుంటాం.

మా పక్కింటి ఓతీలియా బర్రియెంతోస్ మాత్రం తను కుళాయి నీళ్లు తాగి, డబ్బా నీళ్లు ఇస్త్రీపెట్టెలో పోసేది.

"నా కడుపులో రాళ్లు పడినా పర్లేదే, శాటిన్ మీద మచ్చ పడకూడదు" అనేది.

పిచ్చిమొహమా అని నవ్వేదాన్ని. ముప్పై ఏళ్లుగా పేటలో ఆడపిల్లల గౌన్లన్నీ ఆమె చేతి కుట్టే. పెళ్లి చేసుకోలేదు. చెల్లెలు డెల్ఫీనాని తనే పెంచి, తనే పెళ్లిగౌను కుట్టి అత్తారింటికి పంపింది. ఆ డెల్ఫీనా ఆరేళ్ల కూతురు యారెలిని వదిలేసి కన్నుమూసింది. దేవుడికి కళ్లు లేవు, ఇంకేం చెప్పను!

మొన్న వసంతంలో యారెలికి పదిహేనేళ్లు వచ్చాయి. చర్చిలో పూజ, ఆ తర్వాత ఆటపాట. మా వాళ్లలో ఆడపిల్లకి పదిహేనేళ్లు నిండడమంటే పెళ్లంత పండుగ; దానికి కావలసిన ఒక్కొక్క వస్తువు బాధ్యతా దగ్గరివాళ్లలో ఒక్కొక్కరు తీసుకుంటారు. గౌను వంతు ఓతీలియాది. డెల్ఫీనా భర్త ఎవరిస్తో ఓ అట్టపెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"వదినా, కొత్తది వద్దు. దీన్నే పిల్లకి సరిచెయ్యి. వాళ్లమ్మ కూడా వచ్చినట్టుంటుంది."

అందులో ఉన్నది డెల్ఫీనా మీగడరంగు పెళ్లిగౌను. ఓతీలియా రెండు నెలలు మరో పని ముట్టలేదు.

పూజ శనివారం పదకొండింటికి. శుక్రవారం సాయంత్రం ఇస్త్రీపెట్టె ఆవిరి వదలనని మొండికేసింది. మూతపడిన ఓ లాండ్రీలో కొన్న పాత పెట్టె అది. ఆ లాండ్రీవాళ్లు ఏళ్ల తరబడి కుళాయి నీళ్లే పోశారు, లోపలంతా గారే. నేను కంచె మీంచి తొంగిచూశాను.

"వెనిగర్ పొయ్యవే. నా కాఫీ మెషీన్ దాంతోనేగా బాగుపడింది!"

"ఇన్నాళ్లూ ఎలాగో నడిచిందిగా. కెలకొద్దులేవే."

"మీ చెల్లెలి గౌను మీద మురికి పెట్టె పెడతావా?"

నా నోరు పడిపోను! ఆ మాటకే ఆమె లొంగిపోయింది.

వెనిగర్ పోసి, కడిగి, పాతగుడ్డ మీద మూడుసార్లు నడిపి చూసింది. ఆవిరి తెల్లగా, కొత్తదానిలా వచ్చింది. మర్నాడు పొద్దున ఏడింటికి గౌను పరిచి, గుండెల మీది మడత దగ్గర ఒక్కసారి నొక్కింది. లోపల వెనిగర్‌కి నాని వదులైన గారంతా అప్పుడే ఊడివచ్చింది. పెట్టె గోధుమరంగు నీళ్లు, పెచ్చులు భళ్ళున కక్కింది.

కేక విని నేను పరిగెత్తేసరికి ఆమె కుళాయి కింద ఆ చోటు రుద్దుతోంది. ముప్పై ఏళ్లు ఆ కుళాయిని గుడ్డ దగ్గరికి రానివ్వని మనిషి! తడి ఆరిన అంచున తెల్లటి సున్నం వలయం తేలింది. దాన్ని రుద్దింది. ఇంకాస్త పెద్ద వలయం తేలింది.

"ఆపవే తల్లీ, బూత్ నీళ్లు తెస్తాను, ఆపు!"

"మచ్చ ఎండిపోతుందే, ఎండితే పోదే!"

నేను డబ్బా మోసుకొచ్చేసరికి మూడు వలయాలయ్యాయి. శాటిన్ నూగు లేచి గరుకైపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. మంచినీళ్లకి తెలుపు కొంత వదిలింది, గోధుమ మరక కదల్లేదు. కత్తిరించి అతుకు వేద్దామంటే ఆ శాటిన్ ముక్క మిగల్లేదు.

తొమ్మిదింటికి తండ్రీకూతుళ్లు వచ్చారు. ఎవరిస్తో గౌను వైపు చూసి గోడకి చేరగిలబడ్డాడు. ఓతీలియా తలెత్తలేదు.

"నేనే పాడుచేశాను."

"వెనిగర్ పొయ్యమన్నది నేను" అన్నాను. నా మాట ఎవరూ వినిపించుకోలేదు.

యారెలి దగ్గరికొచ్చి ఆమె మెడ చుట్టూ చేతులు వేసింది. "పర్లేదు పెద్దమ్మా."

తిట్టినా బాగుండేది! ఆ పిల్ల కళ్లనిండా నీళ్లు పెట్టుకుని పర్లేదంటుంటే ఓతీలియా కుర్చీలో కూలబడిపోయింది.

పదకొండింటికి యారెలి అద్దెకి తెచ్చిన గులాబీరంగు గౌనులో చర్చిలోకి నడిచింది. నడుము దగ్గర వదులుగా ఉంది. వచ్చినవాళ్లంతా ఎంత బాగుందో అన్నారు. ఎవరిస్తో మొదటి వరసలో కూర్చుని, మరకపడ్డ గౌను సర్దిన ఆ అట్టపెట్టెని తన పక్కన, భార్య కూర్చోవలసిన చోట పెట్టుకున్నాడు. కాస్త జరగమని ఎవరో అడిగితే, ఇక్కడ మనిషుందండీ అన్నాడు.

మేం సరిగ్గా వెనక వరసలో ఉన్నాం. ఓతీలియా చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. పూజ అయ్యేదాకా ఆమె పిల్లవైపు ఒక్కసారి కూడా చూడలేదు, ఆ అట్టపెట్టెనే చూస్తూ కూర్చుంది.