దస్లీ పాణి

నిన్న జనగామ బస్టాండులో నా పక్కన కూర్చున్నావిడ సంచిలో ఎండిన ఇప్పపువ్వు ఉంది. ఆ తీపి ఘాటు ముక్కుకు తగలగానే, వాకిట్లో ఎప్పుడూ ఇప్పపువ్వు ఎండబోసే చాంది యాడి గుర్తుకొచ్చింది. మానుకోట దాటాక గుట్టల్లో ఉన్న లంబాడీ తండా ఆమెది. యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ. తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజుల్లో, అడవి అంచున సేద్యం చేసుకునేవాళ్లకు పట్టాల దరఖాస్తులు రాసిపెట్టడానికి నేను ఆ తండాకు వెళ్లేదాన్ని. డిగ్రీ చదివానని కాస్త టెక్కు కూడా ఉండేది.

తండా వెనకున్న గుట్టనంతా సర్కారు కాగితాల్లో రాళ్లగుట్ట అంటారు. చాంది యాడికి అది ఒక్క గుట్ట కాదు. ఒక వాలుకు తప్పిపోయిన ఎద్దు పేరు, ఒక బండకు దాని నీడన పుట్టిన పిల్లవాడి పేరు. ఆమె మూడెకరాల చెలక ఉన్న వాలు పేరు దస్లీ పాణి. పాణి అంటే నీళ్లు, దస్లీ ఆమె అత్త. కరువొచ్చిన ఏడు దస్లీ అక్కడ చెలిమె తవ్వి తండాకు నీళ్లు చూపించిందట. వినడానికి బాగానే ఉంది కానీ ఫారంలో స్థలం పేరు రాసే గడి చిన్నది. ఒక్కో ఇల్లు ఒక్కో పేరు చెబితే ఆఫీసులో తికమక పడతారని, అందరి దరఖాస్తుల్లోనూ రాళ్లగుట్ట అనే రాసేశాను. పని తొందరగా తెమిలిందని మురిసిపోయాను కూడా.

కొన్నాళ్లకు అన్నీ వెనక్కి వచ్చాయి. రాళ్లగుట్ట మీద అంతా బండేనని, సాగు లేదని రాసి పంపారు. ఆ సంగతి చెప్పడానికి తండాకు వెళ్లే ముందురోజే నేను మానుకోట ధర్నాలో మైకు పట్టుకుని, సినిమాల్లో మన మాటను వెక్కిరిస్తున్నారని ఆవేశపడి వచ్చాను. చాంది యాడి కూడా కింద కూర్చుని విన్నది.

"మీ మాటను నవ్విన్రని రోడ్డెక్కితివి గద బిడ్డా?" అంది, నేను సంగతి చెప్పగానే.

"అవును యాడీ."

"మరి మా మాటను నువ్వెందుకు కొట్టేస్తివి? నేను మా అత్త పేరు జెప్పిన, నువ్వు రాళ్లని రాస్తివి. రాళ్లకు పట్టా ఎవడిస్తడు?"

ఆమె గొంతు పెంచలేదు. నాకు మాత్రం చెంప ఛెళ్లుమన్నట్టయింది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఎవరి చెలకకు వాళ్లు చెప్పిన పేరే పెట్టి అన్నీ మళ్లీ రాశాను. విచారణకు వచ్చిన సారును చాంది యాడి గుట్టంతా తిప్పింది. ఆమెకు మోకాళ్ల నొప్పులు, ఆయనకు ఆయాసం. ముందు కూలబడింది ఆయనే. ఆమె చెలిమె మీది ఆకులు తీసి నీళ్లు చూపించింది.

"గీ పేరు ఎప్పటిసంది ఉన్నదమ్మా?" అని అడిగాడు సారు.

"మా ఇంటాయన అప్పటికి పాలు తాగుతుండె."

సారు నవ్వలేదు. ఆ మాట ఉన్నదున్నట్టు రాసుకున్నాడు.

పట్టాలు ఒకటొకటిగా వచ్చాయి. ఆమెది నేనే తీసుకెళ్లాను. విస్తీర్ణం ఎంతో చదవబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"గది నాకెరికే. పేరు సదువు."

"దస్లీ పాణి."

"ఇంకోపాలి."

మళ్లీ చదివాను. చదువురాని ఆమె, ఆ గడి ఎక్కడుందో అడిగి, దాని మీద వేలు పెట్టుకుని చాలాసేపు కూర్చుంది.

రాష్ట్రం వచ్చింది. చాంది యాడి ఇప్పుడు లేదు. నేను జనగామలో ఇంకా దరఖాస్తులు రాసే పనిలోనే ఉన్నాను. స్థలం పేరు రాసే గడి దగ్గరికి రాగానే పెన్ను పైకెత్తి, ఎదురుగా ఉన్నవాళ్ల మొహం చూస్తాను.

"కాగితంల ఏమున్నదో నాకెరికే," అంటాను. "దాన్ని మీరేమంటరు?"